గున్నడి తోక మెలిక

ఒకప్పుడు బాతులన్నీ ఒక్కలాగే ఉండేవి. ఇంట్లో పెంచుకునే బాతైనా, ఎక్కణ్ణించో ఎగిరొచ్చిన అడవి బాతైనా అదే మట్టిరంగు, అదే సన్నటి ఒళ్ళు, అదే తిన్నటి తోక. అన్నీ ఎగిరేవి. అన్నీ ఒకే గొంతుతో అరిచేవి. పక్కపక్కన నిలబెట్టి, వీటిలో మీదేదో చెప్పండి అంటే పెంచినవాళ్ళు కూడా తెల్లమొహం వెయ్యాల్సిందే.

ఏమే భానూ, ఆ గుమ్మం దగ్గర ఏం చేస్తున్నావు? నీ దుంపతెగ, ఇలా వచ్చి కూర్చో. కథ మొదలుపెట్టాక లేచి తిరిగేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఆఁ, అలాగ. కాళ్ళు ముడుచుకుని విను.

అల్లిచెరువని ఒక చెరువు. నిండా అల్లిపూలు, అంచు పొడుగునా జమ్ము, తుంగ. దాని గట్టు మీద నాంచారమ్మ ఇల్లు. ఇల్లంటే పెద్ద మేడ అనుకునేరు, తాటాకుల పాక. మనిషి ఒక్కతే. ఆవిడకి తోడు ఎవరయ్యా అంటే బాతులు.

పొద్దున్నే గూటి తడిక తీసి బాతుల్ని కోతలైపోయిన వరిమళ్ళలోకి తోలుకెళ్ళేది. అవి రాలిన గింజలు, నత్తలు, పురుగులు, ఏది దొరికితే అది మేసేవి. ఎండెక్కాక చెరువులో దిగేవి. సాయంత్రం నాంచారమ్మ సొట్టలు పడ్డ బేసిన్‌లో గంజీ తవుడూ కలిపి, గట్టున నిలబడి, "బా... బా... బా..." అని పిలిచేది. బాతులన్నీ నీళ్ళలోంచి లేచి, ఒకదాని వెనక ఒకటి ఇంటికొచ్చేవి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నాంచారమ్మ నోరు మంచిది కాదు. కాదంటే మరీ కాదు. ఆవిడకి ప్రేమ పొంగుకొచ్చినా తిట్టే, దిగులొచ్చినా తిట్టే. బంగారం, చిన్నికన్నా అని ఎవర్నీ పిలిచి ఎరగదు. ఆ మాటలు నోట్లో తిరగవు మరి, ఏం చేస్తుంది?

తవుడు బేసిన్ కిందపెట్టి, "మెక్కండి, మీ జిమ్మడ, పొద్దుటినించి ఏం తిన్నారో ఏమో" అనేది. వానలో తడిసొస్తే, "మీ మొహాలు మండ, ఒంటికి పడిశం పట్టదా" అంటూ తన పాత చీరె ముక్కతో ఒక్కొక్క బాతునీ తుడిచేది. దారినపోయేవాళ్ళు విని, అయ్యో పాపం, ఈవిడకి ఆ బాతులంటే ఎంత కోపమో అనుకుంటూ వెళ్ళిపోయేవారు.

బాతులు మాత్రం అలా అనుకునేవి కావు. గుడ్డులోంచి బయటికొచ్చిన రోజునించీ అవి ఆ తిట్లు తిని పెరిగాయి. నీ జిమ్మడ అంటే రా, అన్నం తిను అని అర్థం. నీ మొహం మండ అంటే ఇలా దగ్గరికి జరుగు అని అర్థం. ఒకసారి నాంచారమ్మకి జలుబు చేసి గొంతు పోయింది. తిట్లు లేకుండా తవుడు పెట్టింది. ఆ పూట ఒక్క బాతూ ముక్కు ముంచలేదు, మనమేం తప్పు చేశామోనని దిగాలుగా కూర్చున్నాయి.

ఆ మందలో పెద్దవాడి పేరు గున్నడు. వాడి పెళ్ళాం రత్తాలు. గున్నడు పుట్టినప్పుడు వేలెడంత ఉండి, కాళ్ళు నిలవక పడిపోతుంటే, నాంచారమ్మ వాణ్ణి రొంటిన చీరె మడతలో పెట్టుకుని పనులు చేసుకునేది. పొయ్యి రాజేస్తున్నా, నీళ్ళు మోస్తున్నా వాడు ఆ మడతలోనే. నువ్వు బతకవురా సన్నాసీ అని తిడుతూ తిడుతూనే బతికించింది. మందలో అందరికన్నా ఎక్కువ తిట్లు గున్నడికే. అది చూసి మిగతావాటికి కాస్త కుళ్ళు కూడా.

చలికాలం వచ్చింది. ఉత్తరాన ఎక్కడో మంచుకొండల అవతలినించి వలస బాతులు గుంపులు గుంపులుగా అల్లిచెరువు మీద వాలాయి. వాటి పెద్ద పేరు వలసరాజు. పేరుకి తగ్గట్టే మెడ నిటారుగా పెట్టి, మాట్లాడితే ఆకాశంకేసి చూస్తూ మాట్లాడేవాడు. నీళ్ళు గాజులాగా గట్టిపడే చోట్లు చూశామనీ, చంద్రుడికి అడ్డంగా ఎగిరామనీ, మాకు గట్టూ పుట్టా లేవనీ, భూమి మీద ఎవరికీ మేం ఏమీ కామనీ చెప్పేవాడు.

గున్నడు ఆ మాటలు నోరు తెరుచుకుని వినేవాడు. నెమ్మదిగా మెడ నిటారుగా పెట్టడం నేర్చుకున్నాడు. ఆకాశంకేసి చూస్తూ మాట్లాడడం నేర్చుకున్నాడు. అద్దంలాంటి నీళ్ళలో తన మొహం చూసుకుని, నేనూ వలస బాతులాగే ఉన్నాను, ఎవరు చెప్పగలరు కాదని, అని మురిసిపోయాడు.

చెరువులో ఉండే నామాలకోడి ఇదంతా చూసి రత్తాలు దగ్గర చేరింది. దాని నుదుటి మీద తెల్లటి నామం ఉంటుంది కదా, అందుకని దానికి కాస్త గర్వం. నాకైతే నామం ఉంది, నేనెవరో లోకానికంతటికీ తెలుసు, మీ ఆయనకి ఏ గుర్తూ లేదు, తనెవరో తనే మర్చిపోయేలా ఉన్నాడు, జాగ్రత్త అని చెప్పింది. రత్తాలు, నీ పని నువ్వు చూసుకో అని కసిరింది గానీ, దాని మనసులో ముల్లు గుచ్చుకుంది.

సాయంత్రాలు నాంచారమ్మ "బా... బా..." అనగానే ఇప్పుడు వలస బాతులు కూడా వచ్చేసేవి. తవుడు రుచి మరిగాయి. ఎవరివి ఏవో ఆవిడకేం తెలుస్తుంది? తవుడు ఇంకో రెండు దోసిళ్ళు ఎక్కువ కలిపేది. కాకపోతే ఆవిడ నోరు విప్పి తిట్లు మొదలుపెట్టగానే వలస బాతులన్నీ హడలిపోయి జమ్ములోకి దూరేవి. ఆవిడ బాతులు మాత్రం హాయిగా మెక్కుతూ ఉండేవి. ఇది రోజూ జరిగేదే. రోజూ జరిగేదాన్ని ఎవరు పట్టించుకుంటారు? నాంచారమ్మా పట్టించుకోలేదు.

వలసరాజుకి మాత్రం ఆవిణ్ణి చూస్తే నవ్వు. ఆ అరిచే ముసలావిడ ఎవరు, మీరు ఆవిడ మాట అలా పడి ఉంటారేం అని ఒకసారి గున్నణ్ణి అడిగాడు. గున్నడికి చెవులు మండిపోయాయి. మాట మార్చేశాడు. ఆ రోజునించీ తిట్లు వినబడితే వాడికి సిగ్గుగా ఉండేది. ఆవిడ కాస్త మెల్లిగా మాట్లాడకూడదా అని రత్తాలు దగ్గర గొణిగేవాడు. నిన్ను రొంటిన పెట్టుకు మోసిన మనిషిని మెల్లిగా మాట్లాడమంటావా, నోరు ముయ్యి అంది రత్తాలు.

ఒక సాయంత్రం గున్నడు చెరువు మధ్యలోనే ఉండిపోయాడు. వాడు రాలేదని రత్తాలూ, మిగతా బాతులూ కూడా ఉండిపోయాయి. నాంచారమ్మ పిలిచీ పిలిచీ చివరికి మోకాలి లోతు నీళ్ళలోకి దిగింది. తిడుతూ, పేరు పెట్టి పిలుస్తూ గుంపుకి వినబడేంత దూరం దాకా వచ్చింది. లోతు దాటి ఆవిడ రాదన్న ధైర్యంతో వలస బాతులు ఆ పూట జమ్ములోకి దూరలేదు.

వలసరాజు మెడ తిప్పి, ఎవరయ్యా ఈవిడ, నీకేమవుతుంది అని అందరిముందూ అడిగాడు. వలస బాతులన్నీ గున్నడివైపు చూశాయి.

గున్నడు ఆకాశంకేసి చూశాడు.

"ఆవిడెవరో నాకు తెలీదు" అన్నాడు.

ఆ మాట నీళ్ళమీదుగా నాంచారమ్మకి వినబడింది. చెరువు చిన్నది, వినబడక ఏమవుతుంది? ఆవిడ తిట్టడం ఆపేసింది. అంతమంది బాతుల్లో ఆ మాట అన్నది ఏదో ఆవిడ కళ్ళకి తెలియలేదు గానీ, గుండెకి తెలిసింది. వెనక్కి నడిచి, తవుడంతా గట్టుమీద పోసి, పాకలోకి వెళ్ళిపోయింది. తడిక మాత్రం వెయ్యలేదు. తీసే ఉంచింది.

గున్నడికి ఆ మాట అన్న దగ్గర్నించీ గొంతులో ఏదో అడ్డం పడినట్టుంది. నీళ్ళు తాగాడు, పోలేదు. మెడ సాచాడు, పోలేదు. రత్తాలు వాడికి వీపు తిప్పి కూర్చుంది. ఆ చెరువులో అంతమంది ఉన్నా వాడు ఒక్కడే అయిపోయాడు.

తెల్లవారుతోంది. చెరువు నిండా పొగమంచు. ఆ మంచులో గాలయ్య వచ్చాడు. గాలయ్య వల వేసేవాడు. చెడ్డవాడేం కాదు, చేపలు దొరికితే చేపలు, పిట్టలు దొరికితే పిట్టలు. ఆ చెరువుకి ఒక కట్టుబాటు ఉంది. నీళ్ళమీద ఎవరిదీ కానిది వల వేసినవాడిది. ఇళ్ళలో పెంచే బాతులు పొద్దుగూకేసరికి ఇల్లు చేరిపోతాయి గనక ఆ వేళప్పుడు చెరువు మీద ఉన్నవన్నీ అడవివే అనుకుని వల విసిరాడు. గుంపుకి గుంపు చిక్కింది.

గట్టున నాలుగు కర్రలు పాతి, చుట్టూ పైనా వల కట్టి, బాతులన్నిటినీ దాంట్లో వేశాడు. మధ్యాహ్నం సంతకి తీసుకెళ్ళాలని గంపలు తేవడానికి లేచాడు. ఈలోగా నాంచారమ్మ రానే వచ్చింది. ఖాళీ గూడు చూసి, పొయ్యి కూడా వెలిగించకుండా పరిగెత్తుకొచ్చింది పాపం.

విషయం విని గాలయ్య నొచ్చుకున్నాడు. చిన్నప్పుడు ఆవిడ చేతి గంజి తాగి పెరిగినవాడే.

"నీ బాతుల్ని నేను ముట్టుకుంటానా అత్తా? నీవి ఏవో చూపించు, ఇప్పుడే వదిలేస్తాను. మిగిలినవి మాత్రం నావి" అన్నాడు.

న్యాయంగానే ఉంది. నాంచారమ్మ వల దగ్గర కూర్చుని లోపలికి చూసింది. ఏం చూస్తుంది? అన్నీ ఒకటే రంగు, ఒకటే తోక. ఒకదాన్ని చూసి ఇది రత్తాలేమో అనుకుంది. పక్కదాన్ని చూస్తే అదీ రత్తాల్లాగే ఉంది. చేతుల్తో పెంచిన పిల్లల్ని కళ్ళతో పోల్చుకోలేకపోయానే అని ఆవిడకి తలకొట్టేసినట్టయింది.

గాలయ్య మాట వలస బాతులు కూడా విన్నాయి కదా. ఇక చూడండి గోల. నేను ఆవిడదాన్నే, నేను ఆవిడదాన్నే అని అన్నీ ఒకటే అరుపు. భూమి మీద ఎవరికీ మేం ఏమీ కామని చెప్పిన వలసరాజు అందరికన్నా గట్టిగా అరుస్తున్నాడు. ఒకటైతే ఏకంగా, మొన్న నువ్వు కలిపిన తవుడులో గంజి పల్చనైంది, గుర్తులేదా అంది. తినడానికి రోజూ వచ్చింది కదా, దానికీ తెలుసు.

నాంచారమ్మ "బా... బా... బా..." అని పిలిచింది. అన్నీ ఆవిడవైపుకి తోసుకొచ్చాయి. తవుడు మరిగిన నోళ్ళు కదా, అన్నిటికీ ఆ పిలుపు వచ్చు.

ఒక్కటి మాత్రం కదల్లేదు. వలకి అవతలి మూల, రెక్కలో తల దూర్చుకుని కూర్చుంది. అది గున్నడు. వాడికీ రావాలని ఉంది. కత్తి కిందికి వెళ్ళడం ఎవరికిష్టం? కానీ నిన్న అందరిముందూ ఆవిడెవరో తెలీదన్నవాడు ఇవాళ ఏ మొహంతో నేను నీవాణ్ణే అంటాడు? అరిచే నోళ్ళన్నీ అబద్ధం చెబుతున్నాయి, నిజం చెప్పాల్సిన నోరు మూతపడింది. ఎంత అన్యాయం చూడండి.

అన్నీ నీవే అంటే ఎట్లా అత్తా అని గాలయ్య నసిగాడు. గంపలు తేవడానికి నాలుగడుగులు వేశాడు.

నాంచారమ్మ గట్టుమీద కూలబడింది. కళ్ళనించి బొటబొటా నీళ్ళు. అయితే చెప్పాను కదా, ఆవిడకి ఏడుపొచ్చినా తిట్టే వస్తుంది. కొంగుతో ముక్కు తుడుచుకుని, వలకేసి తిరిగి, ఎత్తుకుంది.

"ఒరేయ్ గున్నా, నీ జిమ్మడ, నీ మొహం మండ. ఇంటికి రావడానికి నీకు కాళ్ళు విరిగాయా? పొద్దుగూకితే గూడు చేరాలని నీకు నేను నేర్పలేదా? తడిక తీసిపెట్టి కూర్చున్నానురా సన్నాసీ, ఎంతసేపు కూర్చున్నానో నీకేం తెలుసు? ఏమే రత్తాలూ, వాడికి బుద్ధి లేకపోతే నీ బుద్ధి ఏ గడ్డి మేస్తోందే? చలిలో నీళ్ళలో పడుకున్నారు కదే, మీ దుంపతెగ, ఒంట్లో ఎలా ఉందే మీకు?"

చెరువంతా మారుమోగింది. కొంగలు లేచిపోయాయి. బుడబుంగలు బుడుంగున మునిగాయి. వలలో ఉన్న వలస బాతులు అమ్మబాబోయ్ అనుకుని ఒక్కసారిగా వెనక్కి పడ్డాయి. వలసరాజు అందరి కిందా దూరాడు. బాతుల మంద మధ్యలో ఉన్నపళంగా ఖాళీ ఏర్పడింది.

ఆ ఖాళీలోంచి రత్తాలు ముందుకొచ్చింది. వస్తూ వస్తూ అరుపు. నా బుద్ధిని అంటావేం, నీ కొడుకుని అను, నేను రమ్మంటే విన్నాడా, నా ప్రాణాలు తీస్తున్నాడు అని ఎదురు గయ్యిమంది. దాని వెనక మిగతా బాతులు, ఒకదాని వెనక ఒకటి, రోజూ ఇంటికొచ్చినట్టే. అందరూ ఆవిడకి ఎదురు చెబుతూనే ఉన్నారు. తిట్టేకొద్దీ దగ్గరికొస్తున్నారు.

గాలయ్య నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

గున్నడు మూలనే ఉన్నాడు. తల ఎత్తాడు. తన పేరు అన్నిటికన్నా ముందు ఉంది ఆ తిట్లలో. తడిక తీసే ఉందట. నిన్న అంతమాట అన్నా, తడిక తీసే ఉందట. వాడి మనసు ఇంకా సిగ్గుపడుతూనే ఉంది గానీ కాళ్ళు ఆగలేదు. తడబడుతూ, అటూ ఇటూ ఊగుతూ, వలసరాజు ముందునించే నడిచి, వల దగ్గరికొచ్చి ఆవిడ చేతికి ముక్కు ఆనించాడు.

అరుద్దామని నోరు తెరిచాడు. గొంతులో అడ్డం పడ్డ ఆ నిన్నటి మాట ఇంకా అక్కడే ఉంది. దాన్ని పక్కకి నెట్టుకుంటూ, బొంగురుగా, ఎవరికీ వినబడీ వినబడనట్టు అన్నాడు.

"ఈవిడ నాకు తెలుసు. ఈవిడ మా అమ్మ."

నాంచారమ్మ వలలోంచి వేలు పెట్టి వాడి తల నిమిరింది. "తెలుసులేరా వెధవా" అంది. అంతే. నిన్నటి మాట మళ్ళీ ఎత్తలేదు, ఎప్పటికీ ఎత్తలేదు.

గాలయ్యకి సంగతి అర్థమైపోయింది. కట్టుబాటు తెలిసిన మనిషి కదా, అక్కడికక్కడే ఒక మాట తేల్చాడు.

"నీ తిట్టుకి దగ్గరికొచ్చింది నీది అత్తా. బెదిరి పారిపోయింది నాది."

అని వల ఒక పక్క ఎత్తి పట్టుకున్నాడు. నాంచారమ్మ బాతులు ఒక్కొక్కటే బయటికి రావాలి. కానీ ముందున్న రత్తాలు వల అంచు దగ్గర ఆగిపోయింది. వెనక్కి చూసింది. వలస బాతులు మూలన ఒకదాని మీద ఒకటి పడి వణుకుతున్నాయి. చలికాలమంతా ఒకే బేసిన్‌లో ముక్కులు ముంచినవాళ్ళు. వీళ్ళని వదిలేసి ఎలా వెళ్ళేది? గున్నడూ కదల్లేదు. వలసరాజు వాణ్ణి చూశాడు. ఆ చూపు ఇప్పుడు ఆకాశంకేసి లేదు.

నాంచారమ్మకి అదీ అర్థమైంది. తన తవుడు తిన్న పొట్టలు సంతలో అమ్ముడుపోతాయంటే ఆవిడకి పేగు కదిలింది. పేగు కదిలితే ఏం వస్తుందో మీకు తెలుసు కదా.

"ఏం, మీకు వేరే బొట్టు పెట్టి పిలవాలా? రోజూ నా తవుడు మెక్కినప్పుడు లేదా ఈ బిడియం? రండి, మీ జిమ్మడ, ఇంకా అక్కడే నక్కారేం?"

వలస బాతులు ఇంకా ముడుచుకుపోయాయి. అప్పుడు రత్తాలు వాళ్ళ దగ్గరికెళ్ళి మెల్లిగా చెప్పింది.

"అది తిట్టు కాదు. పిలుపు."

నమ్మలేదు. ఎలా నమ్ముతాయి? పుట్టి బుద్ధెరిగి అవి అలాంటి పిలుపు వినలేదు. గున్నడు వెళ్ళి వలసరాజు పక్కన నిలబడ్డాడు. నువ్వు ముందు ఒక్క అడుగు వెయ్యి, రెండో అడుగు దానంతట అదే పడుతుంది, నాకూ అలాగే పడింది అని బొంగురు గొంతుతో చెప్పాడు. వలసరాజు కళ్ళు గట్టిగా మూసుకుని ఒక అడుగు వేశాడు. నాంచారమ్మ ఇంకో తిట్టు తిట్టింది. రెండో అడుగు వేశాడు. ఆవిడ చెయ్యి వాడి వీపు మీద పడింది. ఆ చెయ్యి వెచ్చగా ఉందని వాడికి అప్పుడు తెలిసింది. వాడి వెనక తక్కినవన్నీ కదిలాయి.

గాలయ్య లబోదిబోమన్నాడు. ఇది మోసం అత్తా, నేర్పించి పంపిస్తున్నారు అన్నాడు. నాంచారమ్మ వాడివైపు తిరిగింది. ఏరా గాలయ్యా, నీ మొహం మండ, పొద్దున్నే ఏమన్నా తిన్నావా అసలు, ఎండు రొయ్యలాగా అయ్యావు అని మొదలుపెట్టింది. గాలయ్య ఏదో అనబోయి ఆగి, తల గోక్కుంటూ రెండడుగులు ఆవిడ దగ్గరికే జరిగాడు. జరిగాక తెలిసింది తను జరిగినట్టు. వాడికే నవ్వొచ్చింది. నేనూ నీ మందేనా అత్తా అని వల కిందపడేశాడు.

ఆ పూట గాలయ్య నాంచారమ్మ ఇంట్లోనే గుడ్ల పులుసుతో అన్నం తిన్నాడు. తిన్నాక మాత్రం ఒక మాట అడిగాడు. ప్రతిసారీ నువ్వొచ్చి తిట్టేదాకా నేను ఆగలేను అత్తా, మంచులో నా కంటికి కనబడే గుర్తు ఏదన్నా పెట్టు అన్నాడు. అదీ న్యాయమే.

నాంచారమ్మ గున్నణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. వాడి తోకమీది ఈకలు రెండు పట్టుకుని, జడ కొస తిప్పినట్టు తన చూపుడువేలికి చుట్టి తిప్పింది. తిప్పుతూ, మళ్ళీ ఎక్కడన్నా తప్పిపోయావంటే చూడు నీ పని అని తిట్టింది. వేలు తీసేసరికి ఈకలు ముందుకి వంకీ తిరిగి అలాగే నిలబడ్డాయి. గున్నడు మెడ వెనక్కి తిప్పి చూసుకున్నాడు. ఎంత మురిసిపోయాడో. నామాలకోడి దగ్గరికి రెండుసార్లు ఊరికే నడిచొచ్చాడు, చూపించుకోవడానికి.

తన మగబాతులన్నిటికీ అలాగే మెలిక పెట్టింది. ఇక రత్తాలు వంతు. రత్తాలు ఒళ్ళో నిలిస్తేగా? అటు కొట్టుకుని ఇటు కొట్టుకుని, ఊరంతా వినబడేలా ఒకటే కేకలు. పక్కనున్న ఆడబాతులు కూడా అందుకున్నాయి. నాంచారమ్మ చెవులు మూసుకుని, "పోవే గయ్యాళీ, నీకు గుర్తెందుకే, ఆ గొంతే నీ గుర్తు" అని వదిలేసింది.

వలసరాజు కూడా వచ్చి నిలబడ్డాడు. నాంచారమ్మ వాడి తోక పట్టుకుని వాడి మొహంకేసి చూసింది. వాడి చూపు ఉత్తరానికి ఉంది. ఆవిడ మెలిక తిప్పలేదు. ఆ ఈకల్ని వేళ్ళ మధ్య పెట్టి, దారం కొస పేనినట్టు తిన్నగా, సన్నగా లాగి వదిలింది. నీకు దారి పొడుగు, వంకర పనికిరాదు, వెళ్ళి రా అంది.

మామిడి పిందెలు పడే రోజులొచ్చాయి. ఒక సాయంత్రం వలస బాతులన్నీ లేచాయి. వలసరాజు చెరువు చుట్టూ ఒక చుట్టు తిరిగి గున్నణ్ణి పిలిచాడు. మంచుకొండలు చూద్దువు రమ్మన్నాడు. గున్నడు లేచాడు. నిజం చెప్పాలంటే వాడికి ఆశగానే ఉంది. చెరువు దాటాడు, వరిమళ్ళు దాటాడు, తాటిచెట్ల వరస దాకా వాళ్ళతోపాటే ఎగిరాడు.

కింద గట్టుమీద, చేతిలో బేసిన్‌తో, చీమంత మనిషి. పైకి చూస్తూ నిలబడింది. ఈసారి తిట్టట్లేదు. వెళ్ళాలనుకున్నవాణ్ణి ఆపకూడదని పళ్ళ బిగువున నోరు మూసుకుంది.

ఆ నిశ్శబ్దం గున్నడు భరించలేకపోయాడు. గిర్రున వెనక్కి తిరిగి, జారుకుంటూ వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర దబ్బున పడ్డాడు. పడీ పడగానే మొదలయ్యాయి చూడండి తిట్లు, మూడు ఊళ్ళకి వినబడ్డాయి. గున్నడు కళ్ళు మూసుకుని అన్నీ విన్నాడు. విని, తవుడు తిని, తడిక దాటి లోపలికి వెళ్ళి పడుకున్నాడు. మళ్ళీ ఎగరలేదు. చేరాల్సిన చోటు నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉంటే రెక్కలతో ఏం పని?

అప్పటినుంచే పెంపుడు మగబాతు తోకమీద ఈకలు మెలిక తిరిగి ఉంటాయి. అప్పటినుంచే ఉత్తరంనించి వచ్చే ఆ వలస బాతు తోక సూదిలా తిన్నగా ఉంటుంది, దాన్ని సూదితోక బాతంటారు. ఆడబాతు గొంతెత్తి చెరువంతా దద్దరిల్లేలా అరుస్తుంది. మగబాతు మాత్రం బొంగురుగా, లోగొంతుకతోనే మాట్లాడుతుంది. ఒకనాటి అబద్ధం అక్కడ ఇంకా కొంచెం అడ్డంగానే ఉంది మరి.

మీరెప్పుడన్నా ఏదన్నా చెరువు దగ్గరికి వెళ్ళి, ఈ నీటిపక్షుల గుంపులో ఇంటి బాతులేవో తెలియకపోతే తోకలు చూడండి. తోకలు కనబడకపోతే గట్టున నిలబడి ప్రేమగా ఒక తిట్టు తిట్టండి. అడవివి లేచిపోతాయి. ఇంటివి ఎదురు చెబుతూ, అటూ ఇటూ ఊగుతూ మీ దగ్గరికే నడిచొస్తాయి.

ఏమే భానూ, నమ్మకం లేదా? ఇందాక నిన్ను దుంపతెగ అన్నాను కదా. గుమ్మం దగ్గరున్న దానివి, ఇప్పుడు ఎవరి ఒళ్ళో ఉన్నావో చూసుకో.